చంక దిగే ఈడు

మన పల్లె బడులలో ఒకప్పుడు పిల్లవాని వయస్సు తెలుసుకోవడానికి పంచాంగంతో గాని, పంచాయతీ దస్త్రంతో గాని పని ఉండేది కాదు. పంతులుగారు పిల్లవాణ్ణి ఎదుట నిలబెట్టి, "ఏదీ, కుడిచేయి తలమీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకో" అనేవారు. చెవి అందితే బడి ఈడు వచ్చినట్లు. అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్లు. నవ్వుకోవడానికి వీలైన పరీక్షే గాని, మరీ కొట్టిపారవేయదగినది కాదు. పసితనంలో తల పెద్దది, చేతులు పొట్టివి. చేతులు సాగి చెవిని అందుకునే కాలం సుమారు ఆరేండ్లకు వస్తుంది. ఆఫ్రికా దేశాలు కొన్నింటిలో కూడా బడి పంతుళ్ళు ఇదే పరీక్ష పెట్టేవారంటే, ఎవరికి వారికే తోచిన ఈ ఉపాయంలో కొంత నిజమున్నదని ఒప్పుకోవలసి వస్తుంది.

ఈడు తేలిన తరువాత రిజిస్టరులో తేదీ ఒకటి వేయాలి. అక్కడే వచ్చేది చిక్కు. తల్లిని అడిగితే, "పెద్ద గాలివాన వచ్చిన ఏడు, జీడి పూత మీద" అంటుంది. పంతులుగారు ఆ పూతను ఇంగ్లీషు నెలలోకి మార్చే శ్రమ పడక జులై 1 అని రాసి చేతులు దులుపుకునేవారు. కళాశాలలో ప్రవేశ దరఖాస్తులు చూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. ఉద్దానం ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల తలిదండ్రుల కాగితాలు తిరగవేస్తే ఒక్కొక్కప్పుడు సగం ఊరు ఒకేనాడు పుట్టిందా అనిపిస్తుంది. ఇక రైలు సంగతి సరే సరి. అయిదేండ్లు నిండితే టిక్కెట్టు కొనవలసిన పిల్లవాడు నౌపడ స్టేషనులో ఎప్పుడూ నాలుగున్నర ఏండ్లవాడే. మరునాడు బడికి పోయి ఆరు నిండినవాడవుతాడు. జననమరణాల నమోదుకు 1969లో చట్టం వచ్చినా, 2023లో దానిని సవరించి బడిలో చేర్చడానికి జనన ధ్రువపత్రమే ఆధారమని నిర్ణయించేదాకా మన పిల్లల వయస్సుకు ఈ ఎగుడుదిగుళ్ళు తప్పలేదు.

ఈ చెవి పరీక్ష నాకు ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఒక ఓడ ప్రయాణం. ప్రయాణం నాది కాదు. మా అన్నగారి అమ్మాయి సింగపూరులో కాపురముంటున్నది. మా చెల్లెలి కూతురు నౌపడలో ఉపాధ్యాయిని. ఈ వదినమరదళ్ళిద్దరికీ చిన్ననాటి నుంచి ఒకరంటే ఒకరికి ప్రాణం. మొన్న వేసవి సెలవులలో సింగపూరు అమ్మాయి పట్టుబట్టి టిక్కెట్లు కొని, నౌపడ వారిని పిల్లలతో సహా పిలిపించి, నాలుగు రోజుల విహారనౌకలో తిప్పింది. క్రూజు అంటారు వీటిని. ఒక ఊరికి పోవడానికి ఎక్కే ఓడ కాదిది. ఓడలో ఉండటానికే ఎక్కే ఓడ. పది పన్నెండు అంతస్తుల భవంతి నీటిమీద నడుస్తుందనుకోండి. భోజనశాలలు, నాటకశాల, ఈతకొలను, వాటితోపాటు పిల్లలకు ప్రత్యేకించి ఒక విడిది. తలిదండ్రులు పిల్లలను అక్కడ వదిలి నిశ్చింతగా తిరగవచ్చును. దానిని పిల్లల క్లబ్బు అంటారు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

నౌపడ పిల్లలు ఇద్దరు. పిల్లకు ఎనిమిదేండ్లు. పిల్లవాడికి అప్పటికి రెండేండ్ల పది నెలలు. తల్లి బడికి, తండ్రి ఉద్యోగానికి పోతే, వాడు పగలు అమ్మమ్మ వద్ద ఉండి, సాయంకాలం అక్క బడి నుంచి రాగానే ఆమె చంక ఎక్కుతాడు. రాత్రి నిద్రపోయేదాకా దిగడు. క్లబ్బు గుమ్మం వద్ద కూర్చున్న అమ్మాయి పాస్‌పోర్టులు చూసి, పిల్ల చేతికి ఒక రంగు పట్టీ కట్టి లోపలికి రమ్మన్నది. పిల్లవాణ్ణి మాత్రం రానీయలేదు. మూడేండ్లు నిండాలి, అది నియమం. రెండు నెలల తేడాకు ఇంత పట్టుదలా అని తండ్రి నవ్వుతూ బ్రతిమాలితే ఆమె కూడా నవ్వుతూనే కాదన్నది. రైలులో తగ్గే వయస్సు ఓడలో పెరగలేదు.

"మరి వీణ్ణెవరు సూస్తారు?" అన్నదట పిల్ల.

"నేనున్నాను కదే!" అన్నది తల్లి.

అయినా ఆనాడు పిల్ల లోపలికి పోలేదు. చేతి పట్టీ చేతికే ఉన్నది. తమ్ముడు చంకలోనే ఉన్నాడు.

ఈ కథ విన్నప్పుడు నాకు మొదట కోపమే వచ్చినదని ఒప్పుకుంటాను. అక్కాతమ్ముళ్ళను గుమ్మం వద్ద విడదీయడం, వయస్సును నెలల లెక్కన తూచడం, ఇదంతా యంత్రనాగరకత అనుకున్నాను. మన శాస్త్రకారులు కూడా అక్షరాభ్యాసానికి, ఉపనయనానికి ఏడులు చెప్పారు గాని, వారి మాటలో ఎప్పుడూ కొంత వెసులుబాటు ఉంటుంది. ఇంత కచ్చితమేమిటి? ఆ కోపంలోనే ఈ నియమాలు ఎక్కడివో, ఎందుకో తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుసుకున్న కొద్దీ నా అభిప్రాయం మారుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

పెద్ద కంపెనీల ఓడలలో చాలావాటిలో ఈ గీత దాదాపు ఒకచోటనే ఉన్నది. ఆరు నెలలు నిండని బిడ్డను చాలా కంపెనీలు ఓడనే ఎక్కనీయవు. మహాసముద్రాలు దాటే దీర్ఘయాత్రలకైతే ఏడాది నిండాలంటాయి. నేల కనబడని చోట పసిబిడ్డకు జబ్బు చేస్తే ఓడలోని చిన్న వైద్యశాల చాలదు. ఇది అర్థమయ్యే కారణమే. పిల్లల క్లబ్బు మూడేండ్లకు మొదలై, ఈడుల వారీగా గదులై, పదునేడేండ్లతో ముగుస్తుంది. ఉదాహరణకు నార్వీజియన్ కంపెనీ ఓడలలో 3 నుంచి 5 వరకు ఒక జట్టు, 6 నుంచి 9 ఒకటి, 10 నుంచి 12 ఒకటి. 13 నుంచి 17 వరకు ఉన్న వారికి వేరే స్థలం. చిన్న జట్ల పిల్లలను తలిదండ్రులు సంతకం పెట్టి అప్పగించాలి, సంతకం పెట్టి తీసుకుపోవాలి. పెద్ద పిల్లలు తమంతట తాము రావచ్చు, పోవచ్చు. మూడేండ్ల గుమ్మం వద్ద ఇంకొక షరతు: బిడ్డ తన కాలకృత్యం తానే చెప్పి తానే తీర్చుకోగలగాలి. అమెరికా రేవులను తాకే ఓడలలో, ఆ అలవాటు కాని పిల్లలను ఈతకొలనులోనికి కూడా దింపనీయరు. అక్కడి ఆరోగ్యశాఖ వారి నిబంధన అది. వందలమంది ఒకే నీటిలో దిగే చోట ఒక్క బిడ్డవల్ల చాలామందికి విరేచనాలు పట్టుకోవచ్చును.

ఇంతవరకు చదివి ఊరుకుంటే గీతకు కారణం పిల్లవాడే అనిపిస్తుంది. మూడేండ్లకు వానికి మాట వస్తుంది, శుభ్రత తెలుస్తుంది, కనుక మూడేండ్లు అని. నేనూ అట్లే అనుకున్నాను. కాని మరికొంచెం వెదికితే ధరల పట్టిక కనిపించింది. రాయల్ కరీబియన్, డిస్నీ కంపెనీల ఓడలలో మూడేండ్లు నిండిన పిల్లల క్లబ్బు ఉచితం. టిక్కెట్టులోనే కలిసి ఉంటుంది. మూడేండ్ల లోపు వారికి కూడా కొన్ని ఓడలలో గది ఉన్నది. ఆరు నెలల పాపను కూడా అక్కడ తీసుకుంటారు. అయితే దానికి గంటకింత అని వేరే రుసుము. నార్వీజియన్ వారు ఇంకొక దారి పట్టారు: మూడేండ్ల లోపు పిల్లలకు ఆటలగది ఇస్తారు, కాని తల్లో తండ్రో పక్కన కూర్చోవాలి.

అంటే ఏమిటి? రెండేండ్ల పది నెలల పిల్లవాడు ఓడలో చూడదగనివాడు కాడు. చూడటానికి ఎక్కువ చేతులు కావాలి. ఆ చేతుల ఖరీదు ఎవరు పెట్టుకోవాలి అన్నదే ప్రశ్న. మూడు నిండితే ఓడ పెట్టుకుంటుంది. నిండకపోతే తలిదండ్రులు పెట్టుకోవాలి, డబ్బుతోనైనా, తమ కాలంతోనైనా. పంతులుగారు చెవి పట్టించి కొలిచినది పిల్లవాని చేయి. ఈ మూడేండ్ల గీత కొలిచేది పెద్దవారి చేతులను.

ఇది నా ఊహ కాదని ఇంగ్లండు దేశపు నియమాలు చూస్తే రూఢి అవుతుంది. అక్కడ శిశువిహారాలలో రెండేండ్లలోపు బిడ్డలు ముగ్గురికి ఒకరు చొప్పున పెద్దవారుండాలి. రెండేండ్ల వారు నలుగురికి ఒకరుండాలని ఉండేది; 2023 సెప్టెంబరు నుంచి అయిదుగురికి ఒకరు చాలునన్నారు. మూడు నిండినవారు ఎనమండుగురికి ఒకరు. నియమాన్ని సడలించడానికి అక్కడి ప్రభుత్వం చూపిన కారణాలలో ముఖ్యమైనది శిశుపోషణ ఖర్చు. పిల్లలలో 2023 సెప్టెంబరు నాడు కొత్తగా వచ్చిన మార్పేమీ లేదు కదా! రెండేండ్ల బిడ్డ అంతకు ముందెట్లున్నాడో తరువాతా అట్లే ఉన్నాడు. మారినది లెక్క.

ఇక్కడ సముద్రం దాటి మన ఒడ్డుకు రావాలి. ఓడలు మన తీరానికి కొత్తవి కావు. కళింగపట్నం, బారువ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి ఓడలలో మన జిల్లావారు కూలికి రంగూను పోయేవారు. డెక్కు మీద చాపలు పరచుకుని పోయిన ఆ ప్రయాణాలలో పిల్లలకు ప్రత్యేకమైన స్థలమన్న మాటే లేదు. తల్లి ఒడి లేకపోతే అక్క చంక. 1942లో జపానువారు బర్మా మీద పడ్డప్పుడు అడవులలోబడి నడిచి వచ్చిన వారిలోనూ బిడ్డల్ని మోసినవి ఆ చంకలే. ఇప్పుడు విశాఖపట్నానికి కూడా విహారనౌకలు వస్తున్నాయి. 2022 జూనులో ఎంప్రెస్ అనే ఓడ అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై నగరాలకు యాత్రలు మొదలుపెట్టింది. 1990లో ఫ్రాన్సు దేశంలో కట్టిన ఓడ అది. ఎన్నో సముద్రాలు తిరిగి ముసలితనంలో మన వద్దకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో విహారనౌకల కోసమే ఒక టెర్మినలు తెరిచారు. అదే ఏడు ఏప్రిల్‌లో మా నౌపడకు చేరువన మూలపేటలో సరకుల ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. మా పిల్లలకు ఓడలు చూసే భాగ్యం ఇకమీదట సులభమవుతుంది. ఎక్కే భాగ్యం మాట వేరు.

నౌపడ అంటే హౌరా మద్రాసు మార్గంలో పలాసకు దక్షిణాన, టెక్కలికి చేరువన ఉన్న స్టేషను. 1900లో పర్లాకిమిడి రాజుగారు వేయించిన చిన్న రైలు ఇక్కడే మొదలయ్యేది. ఆ చిన్న పట్టాలు పోయి 2011 నుంచి పెద్ద పట్టాల మీద గుణుపురం దాకా బండ్లు నడుస్తున్నాయి. రైలు కన్నా ముందు నౌపడకు పేరు తెచ్చినది ఉప్పు. ఎండలు ముదిరే కాలంలో ఉప్పుమళ్ళలో పని ముమ్మరం. ఆ తెల్లని మళ్ళ మధ్య గట్టు మీద ఏదో ఒక తాటాకు నీడన ఎనిమిదేండ్ల పిల్ల ఒకతె చంకలో బిడ్డతో కూర్చుని ఉండటం మేము చిన్ననాటి నుంచి చూస్తున్నదే. చూసి చూసి మాకది ఒక దృశ్యంగా కూడా తోచదు.

పలాస సంగతి ఇంకొక విధం. ఉద్దానపు జీడిపిక్కలన్నీ చేరేది పలాస, కాశీబుగ్గలకే. అక్కడి జీడి పరిశ్రమలలో పిక్క కొట్టడం, పొట్టు తీయడం, పప్పు రకాలు ఏరడం, ఇవన్నీ ఎక్కువగా ఆడవారి పనులు. పిక్క పెంకులో ఉండే జీడినూనె తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చేయదగిన పని కాదది. కనుక బిడ్డ ఇంటి వద్ద ఉండాలి. ఇంటివద్ద ముసలమ్మ ఉంటే సరే. లేకపోతే?

చట్టం ఈ ప్రశ్న వేసుకోలేదని అనరాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 48వ విభాగం, స్త్రీలు ఎక్కువమంది పనిచేసే చోట ఆరేండ్లలోపు వారి బిడ్డల కోసం ఒక గది ఉండాలన్నది. ఎంతమంది స్త్రీలుంటే? మొదట యాభైకి పైబడి అన్నారు. 1976లో ముప్పైకి తగ్గించారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, యాభై మంది ఉద్యోగులున్న సంస్థలకు శిశుగృహం విధించారు. 2025 నవంబరులో పాత ఫ్యాక్టరీల చట్టం స్థానంలో అమలులోనికి వచ్చిన కోడులో యాభైమందికి పైబడిన కార్మికులున్న చోట అని ఉన్నది. బిడ్డ వయస్సుకు గీత ఆరేండ్ల వద్ద కదలకుండా నిలిచింది. కదులుతూ వచ్చినది తల్లుల లెక్క. పలాసలో జీడి పనిచేసే చోట్లు చాలావరకు చిన్నవి. పాతికమంది ఆడవారున్న షెడ్డుకు ఈ లెక్కలలో ఏదీ తగలదు. అక్కడి బిడ్డ ఆరేండ్లలోపు వాడే. అయినా గది లేదు. ఓడ గుమ్మం వద్ద మా పిల్లవానికి రెండు నెలలు తక్కువైనవి. పలాసలో తల్లి పక్కన పనిచేసే ఆడవారు తక్కువైనారు.

ఇక అంగన్వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకం మన పల్లెలకు చేసిన మేలు చిన్నది కాదు. ఒక సంగతి మాత్రం గమనించాలి. అక్కడ కూర్చుని ఆడి పాడే బడి 3 నుంచి 6 ఏండ్ల వారికి. మూడేండ్లలోపు వానికి ఆహారం ఇంటికి ఇస్తారు, బరువు తూస్తారు, టీకాలు గుర్తుచేస్తారు; పగలంతా చూడటం మాత్రం అక్కడి పని కాదు. ఎక్కడి సింగపూరు ఓడ, ఎక్కడి సంతబొమ్మాళి మండలం! గీత రెండుచోట్లా మూడేండ్ల మీదనే పడింది. కారణం ఒక్కటే: ఒక టీచరు, ఒక ఆయా పాతికమందిని చూడాలంటే, ఎత్తుకోవలసిన పిల్లలు అందులో ఉండరాదు. అంగన్వాడీ టీచరును తప్పుపట్టడానికి లేదు. ఆమెకూ ఉన్నవి రెండు చేతులే.

తేడా ఎక్కడున్నదంటే, ఓడలో గీతకు ఇవతల మిగిలిపోయిన పిల్లవాని పక్కన తల్లి ఉంటుంది. ఆమె సెలవులో ఉన్నది. పల్లెలో గీతకు ఇవతల మిగిలిపోయిన పిల్లవాని పక్కన అక్క ఉంటుంది. ఆమెకూ ఒక గీత ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏండ్ల వరకు బడిలో ఉండమన్నది ఆమెనే. ఒకే ఇంటిలో, ఒకే పగటిపూట, ఒక చట్టం అక్కను బడికి పొమ్మంటుంది. ఇంకొక నియమం తమ్ముణ్ణి అప్పుడే రావద్దంటుంది. ఇద్దరూ ఒకరి చంకలో ఒకరు ఉన్న సంగతి రాసిన వారెవరికీ తట్టలేదు.

మా కళాశాలలో డిగ్రీ మొదటి సంవత్సరం వారికి నేను ఏటా "నా బడి" అని ఒక వ్యాసం రాయమంటాను. కొన్నేండ్ల క్రిందట జీడితోటల ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఏడు పంక్తులే రాసింది. తాను నాలుగో తరగతిలో ఉండగా తమ్ముణ్ణి ఎత్తుకుని బడికి పోయేదట. వాడు ఏడిస్తే వసారాలో కూర్చోమనేవారట. వసారాలో నుంచి నల్లబల్ల సగమే కనిపించేదట. ఎడమవైపు సగం లెక్కలు తనకు వచ్చునని, కుడివైపువి రావని రాసింది. నేను ఆ వ్యాసానికి మార్కులు వేయలేకపోయినాను. వసారాలో కూర్చోమన్న ఉపాధ్యాయుని మీద కూడా నాకు కోపం రాలేదు. ఆయన ఆమెను ఇంటికి పొమ్మనలేదు. అంతమాత్రం దయ కూడా లేని బడులెన్నో ఉన్నాయి.

అక్క తమ్ముణ్ణి చూడటం చెడ్డదని నేననడం లేదు. మన తెలుగునాట పిల్లల సంఘాలకు మూలపురుషుడైన న్యాయపతి రాఘవరావుగారు మా పొరుగున ఉన్న బరంపురంలో పుట్టినవారే. 1940లో ఆయన, ఆయన భార్య కామేశ్వరిగారు మద్రాసులో బాలానంద సంఘం పెట్టినప్పుడు, రేడియోలో "బాలానందం" నడిపినప్పుడు, తాము మాస్టారు, టీచరు అనిపించుకోలేదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనిపించుకున్నారు. పిల్లలకు దగ్గర కావాలంటే అన్నయ్య, అక్కయ్య అన్న పిలుపు కన్నా మించినది లేదని వారికి తెలుసును. అయితే రేడియో అక్కయ్య పెద్దది. ఆమె ఇష్టపడి ఆ పిలుపు పెట్టుకున్నది. ఎనిమిదేండ్ల అక్కయ్యను ఎవరూ అడగలేదు.

ఈడుల వారీగా గదులు వేయడం మాత్రం నాకు ఇప్పటికీ అంత రుచించని సంగతి. మరియా మాంటిసోరి 1907లో రోము నగరపు పేదవాడలో తన మొదటి శిశుగృహం తెరిచినప్పుడు, అక్కడి పిల్లలు కూడా పనికి పోయిన కూలీల బిడ్డలే. తల్లులు లేని వేళ మెట్లెక్కి దిగి గోడలు పాడుచేస్తున్నారని ఇంటి యజమానుల సంఘం వారే ఆ గది ఇచ్చారు. ఆమె వారిని ఏడాది ఏడాదికి విడదీయలేదు. మూడేండ్లవాడు, ఆరేండ్లవాడు ఒకేచోట; పెద్దవాడు చేసేది చూసి చిన్నవాడు నేర్చుకోవాలి, చిన్నవానికి చూపబోయి పెద్దవాడు నేర్చుకోవాలి. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు చెప్పినదీ అదే పద్ధతి. ఓడలవారు 3-5, 6-9 అని గళ్ళు గీయడంలో పిల్లల ప్రకృతి కన్నా నిర్వాహకుల సౌకర్యం పాలు ఎక్కువ. కాని మాంటిసోరి గదిలోనూ ఒక పెద్దమనిషి ఉన్నది. ఆరేండ్లవాడు మూడేండ్లవానికి చూపుతాడు, వాణ్ణి మోయడు.

ఈ మోతను దింపిన వారు మన దేశంలో లేకపోలేదు. 1969లో, గాంధీ శతజయంతి సంవత్సరంలో, ఢిల్లీలో ఒక కట్టుబడి జరుగుతున్న చోట ఎండలో పడి ఉన్న పసిబిడ్డలను చూసి మీరా మహదేవన్ అనే ఆమె అక్కడే ఒక గుడారం వేయించింది. భవనం కట్టినన్నాళ్ళు గుడారం అక్కడ. కూలీలు కదిలితే గుడారం కూడా కదిలింది. మొబైల్ క్రెషెస్ అన్న సంస్థ అట్లా పుట్టింది. అందులో చంటిపిల్లల నుంచి బడి ఈడు పిల్లల దాకా అందరికీ చోటున్నది. పెద్ద పిల్లలకు చోటివ్వడానికి కారణం ఉన్నది. చిన్నవాడు గుడారంలో చేరిన నాడే కదా, వాణ్ణి ఎత్తుకున్న అక్క చేతులు ఖాళీ అయ్యేది! మూడేండ్ల లోపు గదికి పెట్టే ఖర్చు ఆ బిడ్డ ఖాతాలో రాస్తే ఎక్కువగానే కనిపిస్తుంది. ఎనిమిదేండ్ల పిల్ల బడి ఖాతాలో కూడా రాయాలి. మన ప్రభుత్వపు "పాల్నా" పథకం ఆరు నెలల నుంచి ఆరేండ్ల వరకు పిల్లలకు పగటి సంరక్షణ ఇవ్వాలన్నది. జీడి షెడ్లున్న వీధికొకటి, ఉప్పుమళ్ళున్న ఊరికొకటి అట్టివి వెలిస్తే, షెడ్డులో యాభైమంది ఉన్నారా ముప్పైమంది ఉన్నారా అన్న లెక్కతో పని ఉండదు. ఉపాధ్యాయులు చదివే పుట కాబట్టి ఒక్క మాట: మీ తరగతిలో తరచు రాని ఆడపిల్ల ఇంట మూడేండ్లలోపు బిడ్డ ఉన్నదేమో ఒకసారి విచారించండి. హాజరుపట్టీలో ఆ గడి లేదు.

ఓడ కథ సగంలో ఆపాను. రెండవనాడు తల్లి బలవంతాన పిల్లను క్లబ్బులో దింపింది. పిల్ల లోపల పావుగంట ఉన్నదో లేదో, తమ్ముణ్ణి చూసి వస్తానన్నదట. ఎనిమిదేండ్లవారు తమంతట తాము బయటికి రారాదు. అక్కడివారు తల్లికి ఫోను చేశారు. తల్లి వచ్చి సంతకం పెట్టింది. పిల్ల తమ్ముణ్ణి చూసింది, మళ్ళీ లోపలికి పోయింది. ఆనాడు అట్లా మూడుసార్లు. గుమ్మం వద్ద కూర్చున్న అమ్మాయి విసుక్కోలేదట. అది చెప్పుకోదగిన సంగతి. మూడవనాడు మాత్రం ఫోను రాలేదు. తల్లికే తోచక పోయి అద్దంలో నుంచి చూసింది. పిల్ల నేల మీద బోర్లా పడుకుని, ఎవరో పరదేశపు పిల్లతో కలిసి, మోచేతుల దాకా రంగులు పూసుకుని, ఇంత పెద్ద కాగితం మీద ఏదో వేస్తున్నది. మూడు గంటలసేపు తమ్ముడు గుర్తు రాలేదు.

"మావయ్యా, దానికి ఎనిమిదేండ్లేనని నాకు ఆ రోజు తెలిసింది" అన్నది మా మేనకోడలు. బడి పిల్లలకు పాఠం చెప్పే మనిషి. మూడవ తరగతి ఆమెదే.

తిరిగి వచ్చిన రెండు నెలలకు పిల్లవానికి మూడేండ్లు నిండినవి. వీధి చివర అంగన్వాడీలో చేర్చారు. మొదటిరోజు దింపి రావడానికి అక్కే పోయింది. వాడు వెనక్కి చూడకుండా పోయి బొమ్మల దగ్గర కూర్చున్నాడట. బడికి వేళ అవుతున్నదని తల్లి పిలిచేదాకా ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నదట, నడుము ఒక పక్కకు వంచి.